ఏడో స్తంభం నుంచి ఇరవై నాలుగు అడుగులు

సెప్టెంబరు 19

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. డెబ్బై మూడేళ్ళు ఏమీ రాయకుండానే గడిచాయి, మిగిలిన నాలుగు రోజులూ గడవకపోవు. కానీ పొద్దుటి నుంచి మా ఆవిడ బుర్గి మూడుసార్లు "ఏమైంది?" అని అడిగింది, మూడుసార్లు "ఏం లేదు" అన్నాను. నాలుగోసారి అనడానికి నోరు రాక కొట్టుగదిలోకి వచ్చి కూర్చున్నాను. ఇక్కడ ఈ నోటుపుస్తకం కనిపించింది. అట్ట మీద లిఫ్టు కంపెనీ బొమ్మ. రిటైరైన రోజు ఇచ్చారు, అయినా ఏటా సెప్టెంబర్లో పది రోజులు జెండాలు పాతడానికి పిలుస్తూనే ఉన్నారు. ఎనిమిదేళ్ళుగా దీన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నాం.

ముందు మంచి మాట. థెక్లా బతికింది.

నిన్న మధ్యాహ్నం రెండింటికి, మంచు చదును చేసే మెషీనుతో పైకి వస్తుంటే, లిఫ్టు ఏడో స్తంభానికి దిగువన, వెనక చక్రాల పట్టీల కింద నేల కూలింది. మెషీను వెనక భాగం మంచుగడ్డలోని నెర్రెలోకి దిగబడి, ముందున్న పెద్ద పార అంచుకు పట్టుకుని ఆగింది. గంటా నలభై నిమిషాలు ఆ పిల్ల బెల్టుకు వేలాడుతూ ఉంది. కింద ఎంత లోతో ఎవరికీ తెలియదు. తాళ్ళతో పైకి లాగితే ఆమె అన్న మొదటి మాట "నా ఫ్లాస్కు పోయింది".

కాలర్ ఎముక, రెండు పక్కటెముకలు, తలకు దెబ్బ. అంతే. అంతేనని రాయగలుగుతున్నందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో ఆ దేవుడికి. ఆ పారను చేసిన కమ్మరికి కూడా.

జెండాలు పాతేముందు నేను మంచులోకి ఊచ ప్రతి అడుగుకీ దింపాను.

సెప్టెంబరు 20

మోకాలి లోతు మంచు పడింది. థెక్లాకి జ్వరం లేదు. సంతోషం.

సెప్టెంబరు 21

కాసియన్ వచ్చాడు. లిఫ్టులకీ, మెషీన్లకీ, మా గ్రాల్ హిమనది మీద జారే ప్రతి స్కీ బద్దకీ వాడే అధికారి ఇప్పుడు. వాడికి నాలుగేళ్ళప్పుడు స్కీయింగ్ నేర్పింది నేనే. నా రెండు కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కిందికి తెచ్చేవాణ్ణి, దారి పొడుగునా "ఇంకా స్పీడుగా" అని గోల చేసేవాడు. ఇప్పటికీ వాడికి ఆ జబ్బు తగ్గలేదు.

నేర్పడం అంటే గుర్తొచ్చింది. ఒక బిషప్ గారికి కూడా నేర్పాను. జూలైలో, హిమనది మీద ఎండాకాలం కూడా స్కీయింగ్ నడిచిన రోజులవి. జనం చొక్కాలు విప్పేసి జారేవాళ్ళు. బిషప్ గారు మాత్రం మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చారు. మూడు రోజులు పడ్డారు. నాలుగో రోజు పడకుండా కిందికి వచ్చి, ఆగడం రాక, ఉల్లిపాయల పెట్టెలు దించుతున్న వంటవాడి మీదికి వెళ్ళారు. అప్పుడాయన నోట వచ్చిన మాట ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు. లేచి, మంచు దులుపుకుని, "రోమెడ్, నువ్వు వినలేదు కదా" అన్నారు. "గాలి హోరులో ఏం వినపడుతుంది స్వామీ" అన్నాను. ఆ రోజు గాలి లేదు. ఆయన నాకు ముప్పై ఏళ్ళు క్రిస్మస్‌కి కార్డు పంపారు. వినలేదని చెప్పిన వాళ్ళని జనం ఎంత బాగా గుర్తు పెట్టుకుంటారో.

సరే, కాసియన్.

"పెద్దాయనా, రిపోర్టు రాయాలి. ఇరవై తొమ్మిదో తారీకున పంపాలి. నువ్వేం కంగారు పడకు, నీ పేరు మంచిగానే వస్తుంది."

"ఏం రాస్తావ్?"

"ఏం రాస్తాను. నెర్రె అంచున నువ్వు పాతిన జెండాలు దాటి థెక్లా లోపలికి వెళ్ళింది. లేకపోతే నెర్రెలో ఎందుకు పడుతుంది?"

"తనేమంటోంది?"

"జెండాలు ఇంకా పైన, దూరంగా ఉన్నాయంటోంది. తలకి దెబ్బ తగిలింది పాపం. నలభై ఏళ్ళుగా నువ్వు పాతిన జెండా ఒక్కటి తప్పింది లేదు. ఎవర్ని నమ్మమంటావ్?"

జెండాలు ఇప్పుడు లేవు. హెలికాప్టర్ దిగినప్పుడు ఆ గాలికి వెదురు కర్రలన్నీ అగ్గిపుల్లల్లా ఎగిరిపోయాయి. మిగిలిన ఆనవాళ్ళు కొత్త మంచు కిందికి పోయాయి.

"రాస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"హిమనది మీద బండి నడిపే అనుమతి తీసేస్తారు. ఇక్కడే కాదు, ఏ లోయలోనూ ఇవ్వరు. ఏం చేస్తాం, బతికింది కదా, అది చాలు."

బుర్గి వాడికి మైదాతో చేసిన ముక్కల పాన్‌కేకు, ప్లమ్ పళ్ళ జామ్ పెట్టింది. రెండు పళ్ళేలు తిన్నాడు. వెళ్తూ నా భుజం తట్టాడు. వాడి చెయ్యి చాలా బరువు.

ఊచ దింపాను. ప్రతి అడుగుకీ.

సెప్టెంబరు 22

ప్రతి అడుగుకీ దింపాననే నా నమ్మకం.

సెప్టెంబరు 23

బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాను. బుర్గి గసగసాల కేకు చేసిచ్చింది.

థెక్లా మంచం మీద కూర్చుని ఉంది. తలకు కట్టు, చేతికి జోలె. నన్ను చూడగానే నవ్వబోయి, పక్కటెముకలు గుర్తొచ్చి ఆపుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. పన్నెండు టన్నుల మెషీనును నిటారు వాలు మీద పిల్లల ఉయ్యాలలాగా నడుపుతుంది. ఈ చలికాలం మెషీన్లు నడిపేవాళ్ళందరికీ పెద్దగా తనను వేయాల్సి ఉంది.

"రోమెడ్ మామా, ఈ కేకు నర్సమ్మలు చూడకముందే కొయ్యి. రాబందులు."

కోసిచ్చాను. ఎడం చేత్తో తింది.

"మామా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నేను జెండాలు దాటానా?"

"నేనక్కడ లేను కదమ్మా. గుడిసెలో టీ తాగుతున్నాను." ఇది నిజమే.

"నాకు గుర్తున్నది ఏంటంటే, జెండాలు ఇంకా పైన ఉన్నాయి. ఇరవై, పాతిక అడుగులు. ఆ జెండాల వరకూ వెళ్ళి కింది వైపు నుంచి మంచు తోసి నెర్రె పూడుద్దామని పైకి ఎక్కుతున్నా. ఎర్ర గుడ్డ ఊగుతుంటే చూశాను కూడా." తల కట్టు తడుముకుంది. "కానీ నువ్వు తప్పు పాతవు కదా. అంటే నా బుర్రే సరిగ్గా లేదు. దెబ్బ తగిలాక వేరే ఏడాది జెండాలు గుర్తొస్తున్నాయేమో. డాక్టరు అలా కూడా జరుగుతుందన్నాడు. కళ్ళు మూసుకుంటే ఎర్ర గుడ్డ అక్కడే ఊగుతోంది మామా. దాన్ని నమ్మాలో వద్దో తెలియట్లేదు."

ఇంకో ముక్క కోసిచ్చాను.

మూడున్నర బస్సు తప్పిపోతుందని వచ్చేశాను. తర్వాతి బస్సు నాలుగింటికి ఉంది.

సెప్టెంబరు 24

దాదాపు ప్రతి అడుగుకీ.

సెప్టెంబరు 25

నాకు చదువు ఎలా అబ్బిందో ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. బడికి నాలుగేళ్ళు వెళ్ళాను, అదీ పశువులు కొట్టంలో ఉండే నెలల్లోనే. మిగతాదంతా పైన గుడిసెలో, టూరిస్టులు వదిలేసిపోయిన పుస్తకాలతో. చాలా వరకు హత్యల కథలే. గుడిసె పెద్దామె పొయ్యి రాజెయ్యడానికి పుస్తకాలను వెనక నుంచి చింపేది. అందుకని నాకు తెలియని హత్య లేదు, తెలిసిన హంతకుడు ఒక్కడూ లేడు. ఇన్నాళ్ళూ ఈ మాట జనాన్ని నవ్వించడానికి చెప్పేవాణ్ణి.

ఇక తిన్నగా రాస్తాను. ఇది నేను తప్ప చదివేవాళ్ళు లేరు, నాతోనే నేను బిషప్ గారితో ఆడిన ఆట ఆడటం బాగాలేదు.

మంచుగడ్డ నిలిచి ఉండదు, నదిలాగే దిగుతుంది, ఏడాదికి నాలుగైదు మీటర్లు. స్కీలు వేసుకున్నవాళ్ళను తాడుతో పైకి లాగే లిఫ్టుకు దాని మీద పాతిన స్తంభాలూ దాంతోపాటే దిగుతాయి. వరస మరీ వంకర పోయినప్పుడు, నాలుగేళ్ళకొకసారి, ఎండాకాలంలో స్తంభాలను లాగి మళ్ళీ పాత చోట నిలబెడతారు. నెర్రె మాత్రం దిగదు. గడ్డ కింద ఒక రాతి మూపురం ఉంది. మంచు ఎప్పుడు దాని మీదికి వచ్చినా అక్కడే, ఆ మూపురం మీదే నోరు తెరుస్తుంది. మా వాళ్ళు దాన్ని అత్తగారి నోరంటారు. కొత్త మంచు పడి మూసుకుపోయినా కింద తెరిచే ఉంటుంది కాబట్టి.

నేను దాన్ని ఏడో స్తంభం నుంచి కిందికి నడిచి అడుగులతో కొలుస్తాను, నా అడుగు ముప్పావు మీటరు. స్తంభం దిగేకొద్దీ అడుగులు తగ్గుతాయి. మొన్నటేడు ముప్పై ఆరు. నిరుడు ముప్పై. ఈ ఏడు ఇరవై నాలుగు కావాలి. అక్కడికి వెళ్ళి, పొడుగాటి ఊచ మంచులో దింపుకుంటూ, గట్టి నేల ఎక్కడ అయిపోతుందో, ఊచ ఎక్కడ ఆధారం లేకుండా జారిపోతుందో చూసి, అక్కడ జెండాలు పాతాలి. అడుగుల లెక్క వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి మాత్రమే. ఊచే అసలు సాక్షి. ఈ సంగతి వచ్చిన ప్రతి కొత్తవాడికీ నేనే చెప్పాను, వినేదాకా చెప్పాను.

మొన్న పద్దెనిమిదిన మోకాలు కత్తితో కోస్తున్నట్టు ఉంది. ఊచ దింపాలంటే ప్రతిసారీ ఆ మోకాలు వంచాలి. ఏడో స్తంభం నుంచి ఇరవై నాలుగు అడుగులు నడిచాను. రెండుసార్లు దింపాను. గట్టిగా తగిలింది. అంచు మీద ఉన్నానులే, ఇంకో జానెడు అవతల ఉంటుందిలే అనుకున్నాను. నలభై ఏళ్ళుగా ఇది ఇక్కడే కదా అనుకున్నాను. జెండాలు వరసగా పాతేసి టీకి వెళ్ళాను.

ఈ ఆగస్టులోనే ఏడో స్తంభాన్ని పంతొమ్మిది మీటర్లు పైకి లాగారు. ఫోటో తీస్తుంటే తాడు కొస పట్టుకుని నిలబడ్డ ముసలాణ్ణి నేనే. ఆ ఫోటో పంచాయతీ పత్రికలో వచ్చింది. బుర్గి కత్తిరించి దాచింది.

అంటే ఈ ఏడు నెర్రె యాభై అడుగుల దగ్గర ఉంది. నా జెండాలు ఇరవై నాలుగు దగ్గర. థెక్లా కింది నుంచి జెండాల వైపు ఎక్కుతూ, జెండాలకు పాతిక అడుగుల ముందే పడింది. తనకు గుర్తున్నది అక్షరాలా నిజం.

ఇప్పుడు అర్థమైందని రాద్దామనుకున్నాను. అబద్ధం. హెలికాప్టర్ లేస్తుంటే తలెత్తి స్తంభాన్ని చూశాను. అప్పుడే తెలిసింది.

సెప్టెంబరు 26

ఈ రోజు రాయాల్సిందేమీ లేదు. కట్టెలు చీల్చాను.

సెప్టెంబరు 27

కట్టెలు చాలని బుర్గి అంది.

"వచ్చే రెండు చలికాలాలకి సరిపడా చీల్చావు. ఇంక చెట్లేం పాపం చేశాయని? ఇలా కూర్చో."

కూర్చున్నాను.

"నీ మోకాలు ఎప్పట్నుంచి?"

"ఏ మోకాలు?"

"ఓరి నాయనో, ఏ మోకాలట! మెట్లు దిగేటప్పుడు పాట పాడతావు. నలభై ఆరేళ్ళ కాపురంలో నొప్పి లేకుండా నువ్వు పాడింది లేదు. ఈస్టర్ నుంచి పాడుతూనే ఉన్నావు. సెప్టెంబర్లో పైకి వెళ్తానంటే వద్దందామనుకున్నా. ఏడాదంతా ఆ పది రోజుల కోసమే గెడ్డం గీసుకునే మనిషివి, నోరు రాలేదు నాకు." చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు చెప్పు. మోకాలి వల్ల ఏం చెయ్యలేదు?"

చెప్పాను. ఇక్కడ రెండు పేజీలు పట్టింది, అక్కడ రెండు మాటల్లో అయిపోయింది.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. కాసేపు టేబుల్ గుడ్డ మీద ముడతలు సవరించింది.

"రేపు ఏ బూట్లు వేసుకుంటావ్?" అంది.

"దేనికి?"

"కాసియన్‌కి ఇంట్లో కూర్చోబెట్టి చెబితే నమ్మడు. నీ మీద వాడికంత భక్తి. పైకి తీసుకెళ్ళి చూపించు. మోకాలికి గట్టిగా కడతాను."

ఈ మనిషిని నాకు ఇచ్చినందుకు ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియదు. వాళ్ళ నాన్నకు చెప్పాలంటే ఆయన పెళ్ళికి ఒప్పుకోలేదు ఆ రోజు.

సెప్టెంబరు 28

ఎండ బాగా కాసింది. మూడు వేల రెండొందల మీటర్ల మీద, కొత్త మంచు తర్వాత వచ్చే ఎండకు రంగు ఉండదు, శబ్దం ఉన్నట్టు ఉంటుంది. ఏవో దేశాల పోటీ పిల్లలు పొద్దున్నే కర్రల మధ్య మలుపులు తిరుగుతూ సాధన చేస్తున్నారు. స్కీ అంచులు గట్టి మంచును గీరుతున్న చప్పుడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది.

కాసియన్‌ని ఏడో స్తంభం దగ్గర నిలబెట్టాను.

"లెక్కపెట్టు" అని నడిచాను. ఇరవై నాలుగు దగ్గర ఆగాను. "జెండాలు ఇక్కడ పాతాను."

"ఇక్కడా? నెర్రె అక్కడెక్కడో ఉంటే..." కింద తాళ్ళు కట్టిన గొయ్యి వైపు చూశాడు. స్తంభం వైపు చూశాడు. మళ్ళీ గొయ్యి వైపు. వాడికి అర్థమవడం నేను చూశాను. నాలుగేళ్ళప్పుడు వాడు మొదటిసారి పడినప్పుడు కూడా ముఖం అలాగే పెట్టాడు.

"ఆగస్టులో పైకి లాగాం" అన్నాడు.

"తాడు నేను కూడా పట్టుకున్నాను."

"ఊచ?"

"రెండుసార్లు."

"రెండుసార్లు." వాడు చేతి తొడుగులు తీసేశాడు. పోటీ పిల్లలు ఇద్దరు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళారు. "ఈ మాట చెప్పకుండా నువ్వు చచ్చిపోయినా బాగుండేది పెద్దాయనా. నీ సమాధికి ఏటేటా నేనే పూలు తెచ్చేవాణ్ణి. ఆ పిల్లని నేను... నిన్ననే ఫోన్ చేసి, ఒప్పేసుకో, నీకే మంచిదని చెప్పాను, తెలుసా? సరేనంది. ఒప్పుకుంటానంది!"

"అందుకే ఇవాళ తీసుకొచ్చాను."

"అందుకే అంటావా! పది రోజులు, రోమెడ్. పది రోజులు!"

పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

కిందికి స్కీల మీదే వచ్చాం. నన్ను ముందు వెళ్ళమన్నాడు. నేను పడితే ఏరుకోవాలని. మోకాలిని కట్టు పట్టి నిలిపింది. ఎడమకు, కుడికి, ఎడమకు. ఎంత సిగ్గుగా ఉన్నా శరీరానికి మలుపు తిరగడం తెలుసు. దానికి మాత్రం ఏ తప్పూ చేసిన గుర్తు లేదు. కింద గోడ వెనక్కి వెళ్ళి ముక్కు చీదుకున్నాను.

ఆఫీసులో నా ముందే పాత రిపోర్టు చింపి కొత్తది రాశాడు. నేను సంతకం పెట్టాను. తాళంచెవీ, మెడలో స్టాఫు పాసూ అడిగాడు. ఇచ్చాను. ముఖం చూడకుండా తీసుకున్నాడు, చూసి తీసుకోవడం వాడి వల్ల కాలేదు.

సెప్టెంబరు 30

థెక్లా నిన్న ఇంటికి వచ్చేసింది. కాసియన్ ఫోన్లో చెప్పాడట. అయినా నేను వెళ్ళి నా నోటితో చెప్పాలి కదా. వెళ్ళాను. కేకు తీసుకెళ్ళలేదు. అంత బుద్ధి ఉంది.

గుమ్మంలోనే ఆపింది.

"తెలుసు. చెప్పాడు. బండి నాకే ఇస్తారట, జనవరిలో. తప్పు చేశావ్, మోకాలు నొప్పి, ముసలాడివి, ఆ స్తంభం సంగతి నేనూ మర్చిపోయా, అందరం మర్చిపోయాం. అది నాకు లెక్కే కాదు."

"థెక్లా..."

"ఆగు. నేను చెప్పాలి. ఆ రోజు నా మంచం పక్కన కూర్చున్నావు. నా బుర్ర పాడైపోయిందేమో మామా అని నిన్నే అడిగాను. ఇంకెవర్నీ అడగలేదు, అమ్మని కూడా. నువ్వేం చేశావ్? కేకు కోసిచ్చావ్! రాత్రిళ్ళు కళ్ళు మూసుకోవాలంటే భయం, ఆ ఎర్ర గుడ్డ కనపడుతుందని. నా కళ్ళని నేనే నమ్మకుండా చేశావు నన్ను. నెర్రెలో గంటా నలభై నిమిషాలు వేలాడినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు!"

ఎదురింటావిడ కిటికీ తెరిచింది. థెక్లా ఆమె వైపు తిరిగి "వినండి, బాగా వినండి!" అని, మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఇప్పుడు వెళ్ళు. నేను పిలిచేదాకా రావద్దు. పిలుస్తానో లేదో నాకు తెలియదు."

తలుపు వేసింది. గోడ మీది దుమ్ము రాలింది.

దారంతా నడిచే వచ్చాను. విరిగిన రెండు పక్కటెముకలతో ఆ పిల్ల వీధంతా వినపడేలా అరవగలిగింది. ఊపిరి నిండుగా ఉంది, గొంతు నిండుగా ఉంది, మాట ఒక్కటి తడబడలేదు. బుర్ర అద్దంలా ఉంది. నా మీద అంత కోపం ఉన్న మనిషి ఇంకొకరు లేరు, ఆ కోపం బతికి ఉందని పొలాల మధ్య ఆగి మరియమ్మకు దండం పెట్టుకున్నాను. క్షమించి ఉంటే దండం పెట్టేవాణ్ణో లేదో. మంచం మీద కుంగిపోయి "పర్లేదు మామా" అని ఉంటే, ఆ మాట మోయలేకపోయేవాణ్ణి.

అక్టోబరు 1

బుర్గి బార్లీ సూప్ చేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

అక్టోబరు 2

మెట్లు పాడకుండా దిగాను. నొప్పి అంతే ఉంది. బుర్గి వంటింట్లోంచి "ఏదీ, పాట?" అంది. చిన్నగా పాడాను.

డాక్టరు దగ్గర తారీకు తీసుకున్నాం, పదిహేనున.

అక్టోబరు 4

ఈ రోజు సీజన్ మొదలు. వెళ్ళకూడదనుకున్నాను. ఏడింటికే గెడ్డం గీసుకున్నాను.

కింద స్టేషన్లో జనం. స్టాఫు గేటు వైపు రెండు అడుగులు వేసి, ఆగి, కౌంటరు వరసలోకి వెళ్ళాను. ఈ లోయలో పుట్టి, ఈ కౌంటరు ముందు నిలబడటం ఇదే మొదటిసారి. ముందున్న జర్మన్ కుటుంబం అబ్బాయికి హెల్మెట్ ఏ సైజో తేల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. నాకు తొందరేమీ లేదు.

గాజు వెనక ఉన్నది కొత్తమ్మాయి, వేరే లోయ నుంచి వచ్చినట్టుంది.

"గుడ్ మార్నింగండీ. ఒక రోజుకా?"

"ఒక రోజుకు."

"పెద్దవాళ్ళకి తగ్గింపు ఉందండీ. మీ వయసెంత?"

"డెబ్బై మూడు."

"ఏదైనా కార్డు చూపించాలండీ."

కార్డు తీసి గాజు కిందికి తోశాను. చూసింది. టికెట్ ఇచ్చింది. జాకెట్ ఎడమ జేబులో పెట్టుకొమ్మంది, గేటు దానంతటదే తెరుచుకుంటుందట.

ఎడమ జేబులో పెట్టుకున్నాను. తెరుచుకుంది.